సిరాబుడ్డిలోని మనిషి

తన చేతితో రూపొందించినదానిపై సృష్టికర్తకు సర్వాధికారం ఉంటుందా? ఈ ప్రశ్న మన తత్త్వచింతనకు కొత్తది కాదు. కుమ్మరి, కుండ అనే దృష్టాంతం శాస్త్రచర్చలలో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. కుండ కుమ్మరిని ప్రశ్నించలేదు గనుక ఆ చర్చలో రెండవ పక్షం ఎప్పుడూ మౌనంగానే ఉండిపోయింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో, ఇంకా మాటలు నేర్వని సినిమా ఆ రెండవ పక్షానికి కాళ్లూ చేతులూ ఇచ్చి తెరమీద నిలబెట్టింది. గీసిన బొమ్మనూ, గీసిన మనిషినీ ఒకే దృశ్యంలో ఎదురెదురుగా చూపిన అమెరికన్ మూకీ కార్టూన్లను లోకం వినోదంగానే స్వీకరించింది. అవి లేవనెత్తిన నైతిక ప్రశ్న మాత్రం నవ్వుతో తీరిపోయేది కాదు.

పత్రికా చిత్రకారుడు విన్సర్ మెక్కే 1914లో ‘గెర్టీ ద డైనోసార్’ను మొదట రంగస్థల ప్రదర్శనగా రూపొందించాడు. తెరపై బొమ్మ డైనోసార్. తెర పక్కన కొరడా పట్టుకొని సజీవుడైన చిత్రకారుడు. ఆయన ఆజ్ఞాపిస్తే గెర్టీ వంగి నమస్కరిస్తుంది. మందలిస్తే కన్నీరు పెట్టుకుంటుంది. ఆ కన్నీటిని గీసినవాడూ మెక్కేయే, దానికి కారణమైన కొరడా పట్టినవాడూ మెక్కేయే. అయినా ప్రేక్షకుని జాలి గెర్టీ వైపే మొగ్గుతుంది.

మాక్స్ ఫ్లైషర్ ఈ సంబంధాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లాడు. 1918లో మొదలై 1920 దశకమంతా సాగిన ఆయన ‘ఔట్ ఆఫ్ ది ఇంక్‌వెల్’ చిత్రాలలో చిత్రకారుడు తన బల్ల ముందు కూర్చుంటాడు. సిరాబుడ్డిలోంచో, కలం మొనలోంచో ఒక విదూషకుడు పుట్టుకొస్తాడు. తరువాతి కాలంలో కోకో అనే పేరు పొందిన ఆ విదూషకుడు కాగితం దాటి గదిలోకి దూకుతాడు. యజమానిని ముప్పుతిప్పలు పెడతాడు. 1921 నాటి ‘మోడలింగ్’లో శిల్పి చేస్తున్న మట్టి ప్రతిమలోకే దూరి కలవరం పుట్టిస్తాడు. చాలా చిత్రాలకు ముగింపు ఒక్కటే: విదూషకుడు తిరిగి సిరాబుడ్డిలోకి చేరుతాడు, మూత పడుతుంది.

సిరాకు నొప్పి ఉండదని, బొమ్మపై జాలి అర్థరహితమని వాదించవచ్చు. ఆ వాదం సబబైనదే. అయితే ఆ బొమ్మ తయారైన తీరు తెలుసుకుంటే ప్రశ్న మరో రూపం ధరిస్తుంది. ఫ్లైషర్ రోటోస్కోప్ అనే పరికరాన్ని కనిపెట్టి 1917లో దానికి పేటెంటు పొందాడు. ముందుగా నిజమైన మనిషి కదలికలను చిత్రీకరిస్తారు. ఆ ఫిల్మును ఒక్కొక్క ఫ్రేము చొప్పున గాజుపలకపై ప్రసరింపజేసి, కాగితంపై రేఖలను దిద్దుతారు. తొలినాళ్లలో విదూషకుని వేషం వేసుకొని కెమెరా ముందు గెంతినవాడు మాక్స్ తమ్ముడు డేవ్. సిరాలోంచి వచ్చినట్లు కనిపించిన ఆ చైతన్యం నిజానికి ఒక మనిషి శరీరం నుంచి వచ్చింది. గెర్టీ వెనుకా అలాంటి అజ్ఞాత శ్రమ ఉంది. కదిలే జంతువును మెక్కే గీస్తూ ఉంటే, కదలని నేపథ్యాన్ని ప్రతి కాగితం మీదా మళ్లీ మళ్లీ దిద్దినవాడు జాన్ ఫిట్జ్‌సిమ్మన్స్ అనే యువ సహాయకుడు. గీత పట్ల మనకు బాధ్యత లేకపోవచ్చు. ఆ గీత కింద ఉన్న మనిషి పట్ల తప్పక ఉంది.

వాల్ట్ డిస్నీ 1923లో ప్రారంభించిన ‘ఆలిస్’ చిత్రాలు ఈ అమరికను తలకిందులు చేశాయి. అక్కడ వర్జీనియా డేవిస్ అనే బాలిక బొమ్మల లోకంలోకి ప్రవేశిస్తుంది. ఆమెను తెల్లని తెర ముందు నటింపజేసి, చుట్టూ ఉన్న ఖాళీని ఆ తరువాత బొమ్మలతో నింపేవారు. నటించే వేళ ఆ బాలికకు తన చుట్టూ ఏమీ కనిపించదు. ఇతరులు ఏది గీస్తే అదే ఆమె లోకమవుతుంది.

కలమే వృత్తిసాధనమైన పాలనారంగంలో ఈ రెండు స్థితులూ నిత్యం ఎదురవుతాయి. అర్జీదారును అధికారి చూసేది తరచుగా కాగితం మీదనే. పేరు, వయస్సు, సర్వే నంబరు, ఆదాయం అనే కొద్ది గీతలతో దస్త్రంలో ఒక ఆకృతి ఏర్పడుతుంది. లక్షలమందికి సమానంగా న్యాయం అందాలంటే ప్రతి మనిషినీ ఇలా కుదించక తప్పదు. కుదించామన్న సంగతి మరచిపోయినప్పుడే ప్రమాదం. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీని 1970 దశకంలో రెవెన్యూ రికార్డులు మృతునిగా చూపాయి. తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఆయన 1994 వరకు పోరాడవలసి వచ్చింది. తన పేరు చివర ‘మృతక్’ అనే మాటను ఆయన తానే తగిలించుకున్నాడు. ఈసారి సిరాబుడ్డి మూత ఒక సజీవ మానవునిపై పడింది.

మట్టికి కుమ్మరి జవాబుదారు కాకపోవచ్చు. మనిషి రూపాన్ని కాగితంపైకి దించేవాడు మాత్రం ఆ రూపానికి మూలమైన మనిషికి జవాబుదారే. తెరమీది చిత్రకారుడు తన విదూషకునిపై విసుక్కుంటాడు, వెంటాడి పట్టుకుంటాడు. అయినా తరువాతి చిత్రంలో మళ్లీ మూత తీస్తాడు. ఎదురాడే అవకాశాన్ని తన సృష్టికి పూర్తిగా నిరాకరించడు. దస్త్రంలోని మనిషి ఎదుటికి వచ్చి ‘అది నేను కాదు’ అన్నప్పుడు, కాగితాన్ని కాసేపు పక్కన పెట్టి అతని ముఖం చూడగలిగిన వ్యవస్థకే కలం పట్టే అర్హత నిలుస్తుంది.