జనరేటర్ ఆయిల్ కూడా అమానతే

కరెంటు పోయినప్పుడు అజాన్ మైకుకైనా, వుజూ నీళ్ల మోటారుకైనా అనేక మస్జిదులలో చిన్న పెట్రోలు జనరేటరే ఆధారం. పెట్రోలు అయిపోతే నమాజీలందరికీ తెలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ పాడైతే ఎవరికీ తెలియదు. ఆయిల్ మట్టం తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కొన్ని యంత్రాలలో ఉంది గానీ, ఆయిల్ పాతబడితే ఆగే ఏర్పాటు వాటిలో లేదు. నల్లబడిన ఆయిల్‌తో కూడా అది కొన్నాళ్లు తిరుగుతుంది. మన నిజాయితీకి పరీక్ష ఆ కొన్నాళ్లే.

హోండా జిఎక్స్ 160 వంటి చిన్న ఇంజన్‌కు మొదటిసారి 20 గంటలు నడిచాక లేక నెలకు, తర్వాత ప్రతి 100 గంటలకు లేక ఆరు నెలలకు ఆయిల్ మార్చాలి. పట్టేది అర లీటరు పైచిలుకు మాత్రమే. కానీ కొందరు మెకానిక్‌లు పాతది దించకుండానే పైన కాస్త కొత్తది పోసి, పూర్తి డబ్బు తీసుకుంటారు. కమిటీవారు పుల్ల తీసి చూసి, గీత దాకా ఉందని తృప్తిపడతారు. గీత చెప్పేది మట్టం ఒక్కటే.

"మిషను నడుస్తూనే ఉంది కదా మౌలానా, ఇందులో మోసమేముంది?" అని అడిగేవారున్నారు. సహీహ్ ముస్లింలోని హదీసు గుర్తుచేసుకోండి. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. వాన అతని తప్పు కాదు, తడిని పొడి గింజల కింద ఉంచడమే తప్పు. ఆ ధాన్యం కొన్నవానికి చివరికి ఎంత నష్టం వచ్చేదన్న ప్రశ్నే అక్కడ రాలేదు.

ఇక ముతవల్లి సంగతి. వక్ఫ్ సొత్తు అతని చేతిలో అమానత్. జాగ్రత్తగా చూసుకున్నా వస్తువు పాడైతే అమానతుదారునిపై నష్టపరిహారం లేదని, నిర్లక్ష్యం వల్ల పాడైతే ఉందని మన ఫుఖహా చెప్పారు. గడువు తెలిసీ ఏడాది పాటు ఆయిల్ మార్చని ఇంజన్ సీజ్ అయితే, దాన్ని "అల్లాహ్ విధివ్రాత" అని చందా డబ్బుతో బాగుచేయించడం నా దృష్టిలో న్యాయం కాదు. ఆ ఖర్చు బాధ్యుడే భరించాలి. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

కాబట్టి దగ్గరుండి చేయించండి. యంత్రాన్ని సమతలంపై పెట్టి, కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. వెచ్చని ఆయిల్ మురికిని వెంట తీసుకుని త్వరగా దిగుతుంది. అడుగు బోల్టు విప్పి పూర్తిగా కారనిచ్చి, వాషరు చూసి బిగించి, కొత్తది పోయాలి. తేదీ, నడిచిన గంటలు గోడ మీద రాసిపెడితే ఎవరైనా అడగగలరు.

దించిన నల్ల ఆయిల్‌ను చాలాచోట్ల వుజూఖానా పక్క కాలువలోనే పారబోస్తారు. అది ఇంకేది పొరుగువారి బావి వైపే. ఆ ఇంటివారు ముస్లింలైనా కాకపోయినా వారి నీటిపై మనకు హక్కు లేదు. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు కూడా వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగానే లెక్కించాయి. ఖాళీ అయిన కొత్త డబ్బాలోనే దాన్ని నింపి, మూత బిగించి, వాడిన ఆయిల్ సేకరించేవారికి అప్పగించండి. వారు వచ్చేదాకా డబ్బాను పిల్లలకు అందనిచోట ఉంచండి.