రాముడు భరతుణ్ని అడిగిన ప్రశ్నలు, నేను జవాబు చెప్పలేకపోయిన ఒక ప్రశ్న



మొన్నటి వీడియోలో చిత్రకూటం దగ్గర ఆగాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన భాగం ఇక్కడ రాస్తున్నాను. నిజం చెప్పాలంటే టైమ్ ఒక్కటే కారణం కాదు. ఇందులో నా సొంత సంగతి ఒకటుంది, కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు.

సందర్భం మీకు తెలిసిందే. అన్నగారిని వెనక్కి తీసుకెళ్దామని భరతుడు అడవికి వచ్చాడు. నారచీర, జడలు, చిక్కిపోయిన ఒళ్ళు. రాముడు తమ్ముణ్ని లేవనెత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తండ్రి పోయాడన్న సంగతి ఆయనకింకా తెలీదు. అప్పుడు ప్రశ్నలు మొదలుపెట్టాడు. అయోధ్యాకాండ నూరవ సర్గ అంతా అవే. మాటిమాటికీ 'కచ్చిత్' అని వస్తుంది, 'చేస్తున్నావు కదా' అని అడగడం అన్నమాట. భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజుని కూడా ఇలాగే అడుగుతాడు.

ఇది రాజులకి సంబంధించిన గొడవలే అని ఇన్నాళ్ళూ పేజీలు తిప్పేసేవాణ్ని. పోయిన సంవత్సరం నన్ను టీమ్ లీడ్ చేశారు, ఎనిమిది మంది నా కింద. అప్పుడు మళ్ళీ చదివితే ఒక్కో ప్రశ్నా నన్నే అడుగుతున్నట్టుంది.

ఒక్కడివే కూర్చుని నిర్ణయాలు చేసేయట్లేదు కదా? అలాగని మరీ ఎక్కువమందిని పోగేసి ఆలోచన చేయట్లేదు కదా? (మా కాల్స్‌లో ఇరవై మంది ఉంటారు, మాట్లాడేది ముగ్గురు.) తక్కువ ఖర్చుతో పెద్ద ఫలితమిచ్చే పనిని ఆలస్యం లేకుండా మొదలుపెడుతున్నావు కదా? వెయ్యిమంది మూర్ఖుల కంటే తెలివైనవాడు ఒక్కడు చాలని కోరుకుంటున్నావు కదా? పెద్ద పనికి పెద్దవాణ్ని, మధ్యరకం పనికి మధ్యరకం వాణ్ని పెట్టావు కదా?

ఈ చివరిది మా ఊళ్ళో చెరకు రైతులకి ఎవరూ నేర్పక్కర్లేదు. మా కశింకోట చుట్టుపక్కల బెల్లం వండేచోట చూడండి. గానుగ దగ్గర ఒకరు, పొయ్యిలో ఎండిన పిప్పి ఎగేసేవాళ్ళు ఇంకొకరు. పాకం చూసే మనిషి మాత్రం వేరే. ముందే దించితే దిమ్మ కట్టదు, ఆలస్యమైతే మాడి రంగు పోతుంది, అనకాపల్లి మార్కెట్లో వేలంపాటలో ధర పడిపోతుంది. మా తాతయ్య అనేవాడు, 'ఆడు సెప్పిందాకా పెనం మీద సెయ్యెయ్యకండి, నేనైనా సరే' అని. పొలం తాతయ్యదే, చెరకూ తాతయ్యదే. అయినా పెనం దగ్గర మాట మాత్రం ఆ పనివాడిది. వ్యవసాయం మీద, పశువుల మీద బతికేవాళ్ళని బాగా చూస్తున్నావు కదా అని కూడా రాముడు అడిగాడు, అది మన రైతుల కోసం గుర్తుపెట్టుకోండి.

జీతాల సంగతి కూడా అడిగాడు. సైన్యానికి ఇవ్వాల్సిన తిండి, జీతం వేళకి ఇస్తున్నావు కదా, ఆలస్యమైతే వాళ్ళకి యజమాని మీద కోపం వస్తుంది, అది పెద్ద అనర్థం అని. నా మొదటి కంపెనీలో ఒకసారి జీతం 18 రోజులు లేటయ్యింది. మనమంతా ఒక కుటుంబం అని మెయిల్ వచ్చింది. ఆ నెల నాన్నగారు నా చదువు లోన్ వాయిదా ఎవరి దగ్గర తెచ్చి కట్టారో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఇక నేను తప్పించుకోలేకపోయిన ప్రశ్న. ఏ తప్పూ చేయనివాడు నింద పడి శిక్ష అనుభవించట్లేదు కదా అని అడుగుతాడు రాముడు. చేయని తప్పు మోసినవాళ్ళ కన్నీళ్ళు ఆ పాలకుడి బిడ్డల్నీ పశుసంపదనీ నాశనం చేస్తాయంటాడు.

మూడు నెలల క్రితం మా అప్లికేషన్ రాత్రిపూట నాలుగు గంటలు ఆగిపోయింది. తెల్లారి క్లయింట్ కాల్‌లో ఎవరు చేశారని అడిగితే, కొత్తగా చేరిన కుర్రాడి పేరు చెప్పేశాను. చివరి మార్పు అతనిదే మరి. రెండ్రోజులకి లాగ్స్ మొత్తం చూస్తే, తప్పు నేను మార్చిన కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉంది. ఎవరికీ చెప్పలేదు. సరిచేసి ఊరుకున్నాను. ఆ క్వార్టర్ రేటింగ్‌లో అతనికి తగ్గింది.

ఇదే సర్గలో రాజు వదిలిపెట్టాల్సిన 14 దోషాలు చెప్తాడు. అబద్ధం ఉంది, పని వాయిదా వేయడం కూడా ఉంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి తెలుసు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటికొచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. లెక్కల్లో తేడా మొదట కొంచెమే, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగిపోయింది అని ఆయనే ఒప్పుకున్నారు. బయటపడే నాటికి ఖాతాల్లో లేని డబ్బు ఉన్నట్టుగా చూపించింది 5,000 కోట్లు దాటింది. ఆ వార్త పేపర్లో చదివి పెద్దవాళ్ళని తిట్టుకున్నవాణ్నే నేను కూడా. నాది ఒక్క కాన్ఫిగరేషన్ ఫైలే కదా అనుకున్నాను. ఆయనకి కూడా మొదటిసారి అలాగే అనిపించి ఉంటుందేమో.

వీడియో కోసం ఈ సర్గ రెండోసారి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం అదే క్లయింట్ కాల్‌లో, అదే మనుషుల ముందు, తప్పు నాదని చెప్పాను. రేటింగ్ సరిచేయమని మెయిల్ కూడా పెట్టాను. మా మేనేజర్ తర్వాత ఫోన్ చేసి 'ఇప్పుడెందుకు తవ్వావు' అన్నారు. రేటింగ్ మారుతుందో లేదో ఇంకా తెలీదు, ఆ క్వార్టర్ క్లోజ్ అయిపోయిందంటున్నారు.

కుర్రాడికి విడిగా ఫోన్ చేసి క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'పర్లేదు సర్' అన్నాడు. చేరిన కొత్తలో నన్ను 'అన్నా' అని పిలిచేవాడు.

వచ్చే ఆదివారం భరతుడి జవాబు నుంచి మొదలుపెడదాం. జై శ్రీరామ్.