కబురు రాని సెషన్లు

కరెంటు పోయి వచ్చిందంటే చాలు, యానాం అగ్రహారంలో నా ఫోను మోగుతూనే ఉంటుంది. "ఇంట్లో ఉన్నది ఒక్క రౌటరేనండి, ఇంకోటి నడుస్తోందని నన్ను లోపలికి రానివ్వట్లేదండి" అంటారు. వాళ్ల మాట నిజమే. మేం ఇళ్లకి ఇంటర్నెట్ ఇస్తాం. లాగిన్లు చూసుకోడానికి వాడే ఫ్రీరేడియస్ సర్వరులో ఒక కనెక్షనుకి ఒకేసారి ఒక సెషనే అని పరిమితి పెట్టాం. ఎవరైనా లాగిన్ అడిగితే అది చూసేది మనిషిని కాదు, సెషన్ల లెక్క రాసుకునే అకౌంటింగ్ పట్టికని. ఆ పేరు మీద, ముగిసిన టైము ఖాళీగా ఉన్న వరుస కనబడిందా, ఆ సెషన్ ఇంకా బతికే ఉన్నట్టు లెక్క. మామూలుగా సెషన్ అయిపోగానే మా వైపు పరికరం 'స్టాప్' అని కబురు పంపుతుంది. ఆ పరికరమే కరెంటు లేక ఆరిపోతే పంపేదెవరు?

విరుగుడు ఉంది. 10 నిమిషాలకోసారి 'ఉన్నాడు' అని కబురు వచ్చేలా పెట్టి, వరసగా కొన్ని తప్పితే ఆ వరుసను మనమే మూసేయడం. ఎన్ని తప్పితే? తొందరపడితే బతికున్నవాణ్ణి కాగితం మీద చంపినట్టు. తాత్సారం చేస్తే తిరిగొచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టినట్టు. నేను 3 అని పెట్టాను. అందులో సత్యమేమీ లేదు, ఏదో ఒక అంకె కావాలి గనక.

గోదావరి సముద్రంలో కలిసే ఈ మూలన ఆ అంకె కంప్యూటర్ల గొడవ ఒక్కటే కాదు. 1996 నవంబరు 6 తుఫానులో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి చేపల వేటకెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. శవం దొరకదు, కబురూ ఉండదు. ఆ ఇంటి ఆడమనిషి ఏమని బతకాలి? 7 ఏళ్లు జాడ లేకపోతే పోయినట్టే అనుకోవచ్చంటుంది చట్టం. ధర్మశాస్త్రం 12 ఏళ్లు ఆగమంటుంది. ఆ తర్వాత మోదుగాకులతో మనిషి ఆకారం పేర్చి, దానికే దహనం చేసి, కర్మ జరిపించమంటుంది. చట్టానికీ శాస్త్రానికీ ఆ మనిషి ఎక్కడున్నాడో తెలీదు. నన్నడిగితే ఆ గడువు పోయినవాడి గురించి కానే కాదు, ఉన్నవాళ్లకి ఊపిరాడడం కోసం.

నాకు బాగా నచ్చింది మరొకటి. కర్మ అయిపోయాక మనిషి నడిచి వస్తే ఏం చేయాలో కూడా శాస్త్రకారులు రాసిపెట్టారు. నేతిలో ముంచి తీసి, జాతకర్మ మొదలు సంస్కారాలన్నీ మళ్లీ జరిపించి, భార్యతోనే మళ్లీ పెళ్లి చేయాలి. పాత బతుకు తలుపు తెరవరన్నమాట. మా దగ్గరా అంతే, మూసిన వరుసను తెరవం. పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతాం, కొత్త సెషన్ నంబరు ఇస్తాం.

అయితే భర్త జాడ తెలియని స్త్రీ మళ్లీ పెళ్లాడవచ్చని పరాశర స్మృతిలో ఉంది. విద్యాసాగరుడు ఆ స్మృతినే ఆధారంగా చూపి వాదించాక 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. అలా ఆమె ఇంకొకరి ఇంట్లో ఉండగా మొదటివాడు తిరిగొస్తే? సర్వరుకైతే ఇది చిక్కే కాదు. లోపలున్నవాణ్ణి ఉంచుతుంది, వాకిట్లో ఉన్నవాణ్ణి పొమ్మంటుంది. మా పురోహితుడు గారిని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆవిణ్ణి అడగాలి కదండీ" అన్నారు.