ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా అండి

గోదావరి డెల్టాలో ఎవరిదీ కాని నేల లేదు. బొబ్బర్లంక నుంచి సైకిలు కోనసీమలోకి దిగిన కాసేపటికే ఈ సంగతి తెలిసిపోతుంది. కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్ళది. గట్టు దిగితే దాళ్వా మడి, మడి దాటితే కొబ్బరితోట, తోట చివర ఎవరిదో మకాం. క్యారియర్ మీద గుడారం కట్టుకుని ఒంటరిగా బయల్దేరినవాడు పొద్దువాలేసరికి ఎవరినో ఒకరిని అడగాల్సిందే.

స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం, బాధ్యతగా మసలుకునే బాటసారికి సాగులో లేని పరాయి భూమిలోనూ గుడారం వేసుకునే హక్కు ఇచ్చింది. స్వీడన్‌లో అది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆ హక్కు గొప్పదే. కానీ హక్కు ఉన్నచోట ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడకుండా రాత్రి గడిచిపోతుంది. మన దగ్గర అది కుదరదు. అలా కుదరకపోవడంలోనే ఈ ప్రయాణం ప్రాణమంతా ఉందని నా నమ్మకం. పంక్చర్ సామాను, చిన్న స్టవ్వు, అటుకులు, దుప్పటి అన్నీ సంచుల్లో పడతాయి. పడుకునే చోటు పట్టదు.

ఈ గట్లు మొదటినుంచీ నడిచే మనుషులను ఎరిగినవే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద కాటన్ కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవారు. లొల్ల లాకుల దగ్గర ఇప్పుడు పడవలు లేవు, నీళ్ళ హోరు ఉంది. ఎదురుగాలి తప్ప సైకిలుకు ఎత్తు అనేదే తగలదు. పలకరిస్తే ఆగి బదులు చెప్పగలిగే వేగం అది.

అంబాజీపేట ఇవతల ఒక తోట దగ్గర దిగి అడిగాను. పెద్దాయన నన్నూ సైకిలునీ చూసి, "ఎవరి తాలూకండి?" అన్నారు. ఊరు చెప్పాను, పని చెప్పాను, పిల్లలెందరో చెప్పాను. "చెట్ల కింద వద్దండి బాబూ. మట్ట పడుద్ది, కాయ పడిందంటే తల పగులుద్ది. కళ్ళంలో వేసుకోండి" అన్నారు. సార్వా నూర్పులు అయిపోయి కళ్ళం ఖాళీగా ఉంది. హక్కున్నవాడు తన పేరు చెప్పనక్కర్లేదు. అడిగేవాడు ముందు తన గుట్టు కొంత విప్పాలి. అవతలివాళ్ళు తమ రాత్రిలో కొంత మనకు అప్పగిస్తున్నప్పుడు అది న్యాయమే అనిపించింది. దీన్ని చిన్నతనం అనుకోను.

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. "మీరేవిట్లండి?" చాలా మర్యాదగా, కులం కనుక్కోవడానికి. చెప్పాను. కాసేపటికి వాళ్ళావిడ గిన్నెలో అన్నం, పప్పుచారు పంపారు. వేడిగా, కడుపునిండా తిన్నాను. తిని పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఇంకో జవాబు చెప్పాల్సినవాడు ఇదే తోట ముందు ఆగి ఉంటే? కళ్ళం దొరికేదేమో, ఆ గిన్నె వచ్చేదా? మర్నాడు ఇంకో ఊళ్ళో అదే ప్రశ్నకు ఊరి పేరు మాత్రం మళ్ళీ చెప్పాను. ఆయన కొంచెం ఆగి, గేటు పక్కన చోటు చూపించారు. చెంబుతో నీళ్ళు తెచ్చి, చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. పల్లె ఆతిథ్యం గురించి రాసేవాళ్ళు ఈ చెంబును దాటేయకూడదు.

గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువే అక్విడక్టు ఎక్కి దాటుతుంది. కింద నది, పైన కాలువ. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆవిడ లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరొచ్చినా, ఏ కులమని చూడకుండా అన్నం పెట్టేవారని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ భక్తితో చెప్పుకుంటారు. అక్కడ సైకిలు ఆపి చాలాసేపు నిలబడ్డాను. చుట్టుపక్కల అన్ని ఇళ్ళూ అలాగే ఉంటే ఒక్క ఇంటి పేరే ఇన్నేళ్ళు నిలిచేదా? ఆవిడను తల్చుకోవడమంటే ఆవిడ దాటిన గీత ఇంకా ఉందని ఒప్పుకోవడం కూడా.

మా మేనకోడలు వచ్చే శీతాకాలం ఈ దారినే ఒంటరిగా వెళ్తానంటోంది. ఎక్కడెక్కడ ఆగానో రాసిమ్మంది. రాయబోతే, నేను పడుకున్న కళ్ళాల్లో సగం ఆమెకు పనికిరావు. చీకటి పడ్డాక తోట ముందు నిలబడి ఒక ఆడపిల్ల ఈ మాట అడిగితే ఎదురయ్యే ప్రశ్నలు వేరు. పొద్దుండగానే ఆగమని, ముందు ఇంట్లో ఆడవాళ్ళను అడగమని రాశాను. ఏ ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టాలో రాయాలంటే నేను ముందు ఆ దారిన మళ్ళీ వెళ్ళాలి, ఈసారి తోటలు కాక ఇళ్ళు చూసుకుంటూ.