కుక్కకు కండలు ఎవరి కోసం?

కుక్కకు కండలు పెరగడానికి డబ్బాల్లో అమ్మే పొడి పెట్టొచ్చా, పెట్టకూడదా? వినడానికి ఇది పశువుల డాక్టరు చెప్పాల్సిన సంగతిలాగా ఉంది. సగం నిజమే. మిగతా సగం డాక్టరు చెప్పేది కాదు, పెంచేవాళ్ళు తమను తాము ప్రశ్నించుకోవాల్సింది.

మా మామ ఒక రాజపాళయం కుక్కను పెంచుతున్నాడు. తొమ్మిది నెలల పిల్ల. పేరు తెల్లోడు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబి రంగు, పొడుగు కాళ్ళు, లోతైన రొమ్ము, సన్నని నడుము. వేటకుక్క జాతి. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి. రాజపాళయం ఊళ్ళో మనలాగే తరతరాలుగా తమిళనాట ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే రాజులున్నారు. కాబట్టి ఆ కుక్కకూ మనకూ కొంచెం చుట్టరికం ఉందని నేననుకుంటాను.

పక్క వీధిలో ఒకరు సీమకుక్కను తెచ్చారు. దాని మెడ, రొమ్ము, తొడలు బండరాయిలాగా ఉంటాయి. అప్పట్నుంచి మా మామ కంటికి తెల్లోడు బక్కగా కనిపిస్తున్నాడు. కుక్కలకని అమ్మే కండల పొడి ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. "మామా, వాడు పరిగెత్తే జాతి, అలాగే ఉండాలి" అన్నాను. దానికి మామ, "పరీక్షలప్పుడు మీ అమ్మ నీకు బాదంపాలు ఇస్తుందే, నిన్ను అడిగే ఇస్తుందా?" అన్నాడు. అవ్వ నవ్వింది. నాకు మాత్రం అది నవ్వే మాటగా తోచలేదు. అందులో నిజంగా ఒక ప్రశ్న ఉంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. కండ పొడితో పెరగదు, పనితో పెరుగుతుంది. పరుగు, ఆట, నడక ఉంటే తిన్న మాంసకృత్తులు కండకు పోతాయి. అవసరానికి మించి తిన్నది శక్తిగా ఖర్చవుతుంది, లేకపోతే కొవ్వుగా నిలుస్తుంది. సరైన తిండి తినే ఆరోగ్యమైన కుక్కకు విడిగా పొడి అక్కర్లేదు. ఎదిగే పిల్లకైతే ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద జాతి పిల్లలు తొందరగా బరువెక్కితే లేత ఎముకలు, కీళ్ళు ఆ బరువు మోయలేవు. కాల్షియం ఎక్కువైతే దాన్ని వద్దని వదిలేసే శక్తి కుక్కపిల్ల పేగులకు సరిగా ఉండదు, ఎముకలు వంకర పోవచ్చు. మనుషుల ప్రోటీన్ పొడి పెడితే ఏం అనేవాళ్ళూ ఉన్నారు. కొన్నిట్లో చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి ఉంటుంది. మనకు ఏమీ కాదు, కుక్కకు అది విషం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. చాక్లెట్ రుచికి వేసే కోకో, చురుకుదనానికి వేసే కెఫీన్ కూడా కుక్కకు పడవు. స్టెరాయిడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

బక్క కుక్క అంటే జబ్బు కుక్క అని కూడా కాదు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల్ని జతలుగా చేసి బతికినంత కాలం గమనించారు. ఒకే ఈతలో పుట్టిన జతలో ఒకదానికి, రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. 2002లో ఫలితం ప్రకటించారు. తక్కువ తిన్నవి సుమారు 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవి సుమారు 11 ఏళ్ళు బతికాయి. తక్కువ తిన్నవాటికి కీళ్ళ నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. మా అవ్వ కాలంలో కుక్కకు రాగి సంగటి, మజ్జిగ తప్ప వేరే లేదు. అయినా పాతదే మంచిదని నేననను. ఆ కుక్కలు ఎన్నేళ్ళు బతికాయో ఎవరూ లెక్క పెట్టలేదు.

ఇప్పుడు మామ ప్రశ్న. అడగకుండా ఇవ్వడమే తప్పయితే టీకా కూడా తప్పే. పురుగుల మందూ తప్పే. తెల్లోడు ఏ సూదికీ ఒప్పుకోడు, ఇల్లంతా పరిగెత్తిస్తాడు. అయినా వేయిస్తాం, వేయించాలి కూడా. కాబట్టి ఒప్పుకోవడం ఒక్కటే కొలత కాదు. ఎవరి కోసం అన్నది చూడాలి. టీకా వేస్తే బతికేది కుక్క. ఆపరేషన్ అయి, లేదా ముసలిదై కండ కరిగిపోయిన కుక్కకు డాక్టరు చెప్పి బలానికి ఏదైనా పెడితే, అదీ కుక్క కోసమే. దాన్ని నేను కాదనను. కానీ తొడలు బండరాయిలా కావాలని తెల్లోడు అనుకోడు. అద్దం ముందు నిలబెడితే అందులో ఉన్నది తానేనని కూడా వాడికి తెలియదు. ఆ కండ చూసేది వీధి, మురిసేది మామ, కీళ్ళ నొప్పి మాత్రం తెల్లోడిది. బాదంపాలు వద్దనిపిస్తే నేను వద్దనగలను, అన్నాను కూడా. వాడు మన చేతిలోంచి ఏది పెట్టినా తోక ఊపి తింటాడు. ఆ నమ్మకం వల్లే మన బాధ్యత ఎక్కువ.

మన చట్టం కూడా దీన్ని వదల్లేదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960, సెక్షన్ 11 ప్రకారం హాని చేసే మందును గానీ పదార్థాన్ని గానీ కారణం లేకుండా, కావాలని జంతువుకు ఇవ్వడం నేరం. ప్రతి పొడీ హాని చేస్తుందని దీని అర్థం కాదు. కారణం ఉందా అని చట్టం కూడా అడుగుతుందని చెప్తున్నానంతే.

విప్పెట్ అనే పరుగు కుక్కల కథ ఇంకా కష్టమైనది. వాటిలో కొన్నిటికి కండ పెరుగుదలను ఆపే జన్యువులో మార్పు ఉంటుందని 2007లో కనిపెట్టారు. ఆ మార్పు ఒక్కటి ఉంటే కుక్క బాగా వేగంగా పరిగెత్తుతుంది. రెండు వస్తే ఒళ్ళంతా కండలు ఉబ్బి చూడ్డానికి వేరే జంతువులా ఉంటుంది. వేగం కోసం ఒక్కో మార్పు ఉన్న రెండు కుక్కల్ని జత కలిపితే, మెండెల్ లెక్క ప్రకారం నాలుగు పిల్లల్లో ఒకదానికి రెండూ రావచ్చు. ఇక్కడ పొడి లేదు, డబ్బా లేదు. అయినా ప్రశ్న అదే.

ఇది చెప్పగానే మామ పట్టుకున్నాడు. "తెల్లోడి సన్నని నడుమును కూడా పాతకాలం వేటగాళ్ళు తమకు కావాలని ఏరి ఏరి తెచ్చుకున్నారు కదరా. వాళ్ళది తప్పు కాదు, నాది తప్పా?" అన్నాడు. ఆ నడుముతో తెల్లోడు పరిగెత్తుతున్నాడు, పరిగెత్తితే వాడికి సంతోషం, అన్నాను. ఇది పూర్తి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. డబ్బా ఇంకా బీరువా మీదే ఉంది, మూత తీయలేదు. వచ్చే వారం టీకాకు తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ దగ్గరికి దాన్నీ పట్టుకెళ్దామన్నాడు మామ. నేనూ వెళ్తున్నాను, సూది వేసేటప్పుడు తెల్లోణ్ణి పట్టుకోవడానికి.