పగను జూచి నవ్వవచ్చునా?

భయానకమును హాస్యమును గలిపి తీసిన చలనచిత్రములనగా మన పెద్దలలో పలువురికి చిన్నచూపు. అవి పిల్లల మనసులను చెరచునని కొందరును, కాసులకొరకు తీసిన చౌకసరకని కొందరును త్రోసివేయుదురు. వానిలో పెక్కు త్రోసివేయదగినవే. కాని 2021 ఫిబ్రవరిలో విడుదలయైన ‘జాంబీ రెడ్డి’ని మాత్రము మా పల్నాటివారు ఒకమారు శ్రద్ధతో విచారింపవలెనని నా తలంపు. ఏలయన, అది మనలను నవ్వించునది దయ్యములను జూపి కాదు, పగను జూపి.

దర్శకుడు ప్రశాంత్ వర్మకు అది మూడవ చిత్రము. 2024లో ‘హనుమాన్’ వలన దేశమంతట పేరుపొందుటకు ముందు, కొద్దిపాటి ధనముతో, బాలనటుడుగా ఎదిగిన తేజ సజ్జను నాయకునిగా నిలిపి దానిని తీసెను. కర్నూలు సీమలో కక్షలతో కాగుచున్న యొక గ్రామమునకు కొందరు మిత్రులు పెండ్లికని పోవుదురు. కరోనా మందుకై చేసిన ప్రయోగమొకటి వికటించి వింతవ్యాధి వ్యాపించును. కరవబడినవాడు తానును కరచువాడగును; బ్రతికినవాడో చచ్చినవాడో తెలియని నడపీనుగగును.

నడపీనుగను మాట మనదే గాని, ఈ కరచు పీనుగు మనది కాదు. హైతీ దేశపు జానపద విశ్వాసములనుండి అమెరికా చిత్రములకెక్కినది. 1968లో జార్జి రొమెరో యను దర్శకుడు కొద్ది ధనముతోనే తీసిన తన మొదటి చిత్రమున, ఒక యింట దాగినవారు వెలుపలి పీనుగులకు వెరచుచునే లోపల తమలో తాము కలహించుకొని చెడుట చూపెను.

ఆ భావము మాకు క్రొత్తది కాదు. మాచర్ల, గురజాల యను రెండు గద్దెల దాయాదులు పన్నెండవ శతాబ్దమున కారెంపూడిలో నాగులేటి యొడ్డున పోరి నశించిరి. కోడిపందెములో ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవుటతో ముదిరిన వైరమని కథ. నేటికిని ఏటేట కార్తీక అమావాస్యనుండి అయిదు దినములు అచ్చట వీరుల ఉత్సవము జరుగును. వీరుల కొణతములను మోసికొని వత్తురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని దినమున కొక పేరు. చచ్చిన వీరులను కొలుచుట వేరు, చంపించిన పగను కొలుచుట వేరు. ఈ భేదమును మరచుటచేతనే కాబోలు, ఇటీవలి తరములలోను కక్షలవలన మా పల్లెలలో ఎన్నియో యిండ్లు మూతపడినవి.

అట్టి యింటి యిల్లాలు చెంత కూర్చుండగా కక్షదారుని జూచి మనము నవ్వవచ్చునా? భరతముని రౌద్రమునుండి కరుణము పుట్టునని చెప్పెను గాని హాస్యము పుట్టునని చెప్పలేదు. ఆ మాటను బట్టి చూచినచో ఈ చిత్రము దారితప్పినదే.

కాని ఆ కరుణమును పుట్టనీయక చంపినది హాస్యము కాదు. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని గంభీరముగా తీసిన కక్షచిత్రము లెన్నియో కొడవలి పట్టినవానిని దేవునివలె మలచినవి. వానిలో కూలిన బంట్లకు తల్లులున్నట్లే తోచదు. ‘జాంబీ రెడ్డి’లోను ఆ మీసము, ఆ పౌరుషము, ఆ కొడవలి అన్నియు నున్నవి, ఒక్క కాటుతో అవి నవ్వులపాలగును. కరచువానికి వంశము లేదు, పక్షము లేదు. తాతనాటి పగ యెందులకో మరచి, ఎదుటివానిపై బడుట యొక్కటే యెరిగినవాడు నడపీనుగు గాక మరేమి? ధనము చాలకపోవుటయు నిచ్చట మేలేయైనది. ముఖమున పూసిన రంగును జూచి ఎంతసేపని భయపడుదుము? నవ్వుటకు సెలవిచ్చుటయే దర్శకునికి మార్గమైనది.

ఆ యిల్లాలు నవ్వకపోవచ్చును. ఆమెను నవ్వుమని అడుగు హక్కు ఎవరికిని లేదు. కాని నిన్నటిదాక కొడవలివీరునికి ఈలలు వేసిన కొడుకు నేడు వానిని జూచి నవ్వుట ఆమెకు కొంత యూరట కాగలదని నే ననుకొందును.

ఒక లోపము మాత్రము నాకు మింగుడుపడలేదు. ఆ పీనుగులు రోగులే, నిన్నటి చుట్టములే. చేతికి దొరికిన దానితో వారిని మోది పడగొట్టుచుండగా సంగీతము ఉత్సాహముతో మ్రోగుచుండును. పెండ్లివారు పెండ్లివారిని కొట్టుచున్నారు. అచ్చట నాకు నవ్వు రాలేదు.