లంద దగ్గరి పిల్లవాడికి ఏ విద్య?

కలకత్తా కాలేజీ స్క్వేర్ పక్కన 1920లో వెలసిన ధర్మరాజిక విహారం ఉంది. అనాగారిక ధర్మపాల స్థాపించిన మహాబోధి సొసైటీ కట్టించినది. ఆ విహారానికి తూర్పున కొన్ని కిలోమీటర్ల దూరంలో టాంగ్రా, తోప్సియా, తిల్జలా అనే పాత టానరీ పేటలున్నాయి. 1996 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుతో టానరీలు ఊరి బయట బాంతలాకు కదిలాయి. కూలీల్లో చాలామంది చమార్లు, పేద ముస్లింలు. బడి మానేసిన వాళ్ల పిల్లలకు అనియత విద్య పేరుతో కొద్ది నెలలు తోలుపని నేర్పి పత్రం ఇవ్వడం ధర్మమేనా?

చేతివిద్య తక్కువది కాదు. మంగళ సుత్తం శిల్పాన్ని మంగళాల్లో ఒకటిగా లెక్కించింది. మన వాడల్లో లందలో తంగేడు చెక్కతో తోలు పదును చేసిన మాదిగ తాతకు రసాయన శాస్త్రం రాదని ఎవరనగలరు?

తోలుపని సమ్యక్ ఆజీవం కాదనే ఉపాసకులు మనలోనూ ఉన్నారు. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం. అందులో తోలు లేదు. ఉన్నదల్లా మనలో చావని పాత మైల. అడగవలసింది హాని గురించి. 2025 ఫిబ్రవరిలో బాంతలాలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ముగ్గురు కార్మికులు ప్రాణాలతో తిరిగి రాలేదు. యంత్రం తిప్పడం నేర్పి, గుంటలో పుట్టే విషవాయువు గురించి చెప్పని శిక్షణను విద్య అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో మాట. చచ్చిన పశువుల తోళ్లలో, కొమ్ముల్లో లాభముంది, ఎందుకు మానమంటున్నారని సవర్ణులు అడిగితే, అంత లాభముంటే మీరే చేసుకోండని బాబాసాహెబ్ జవాబిచ్చారు. 1956 అక్టోబరు 15న నాగపూర్ ప్రసంగంలో ఆ సంగతి గుర్తుచేశారు. ఆ జవాబు ఈనాటి శిక్షణా కేంద్రాలకూ వర్తిస్తుంది. చమార్ పిల్లవాడిని ఏ పని ఇష్టమని అడగకుండానే తోలు బల్ల ముందు కూర్చోబెడితే, కులం చేసే పనే సర్టిఫికెట్‌తో జరిగినట్టు.

అదే నగరంలో తోలు సాంకేతిక విద్య నేర్పే ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 1919 నాటి రీసెర్చ్ టానరీ నుంచి పెరిగింది. అక్కడ అన్ని కులాల పిల్లలూ తోలు ముట్టుకుంటారు, ఎవరికీ మైల అంటదు. డిగ్రీ ఉంటే శాస్త్రం, లేకపోతే కులవృత్తి! బాంతలా కుర్రవాడు తన ఆర్నెల్ల పత్రం పట్టుకుని ఆ గేటు దాకా వెళ్లగలడా? తోలు వద్దు, కరెంటు పని నేర్పండి అంటే నేర్పేవాళ్లున్నారా? శిక్షణా కేంద్రానికి దానం ఇచ్చే ముందు మనవాళ్లు ఈ రెండూ అడగాలి.